నడక: సాధారణం

రోగిని ముట్టుకోకుండానే పరీక్షించగలగడం మానవ నాగరికత సాధించిన మహత్తర విజయాల్లో ఒకటి. అందులో నా వాటా కూడా ఉందని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

వెన్నుపాము నొక్కుకుపోయిన రోగులకు మా ఆసుపత్రిలో వాడే పరీక్ష ఫారం నేను తయారుచేసిందే. పూర్వం డాక్టరు రోగి కాళ్ల బలం చూసి, గుండుసూదితో గుచ్చి, మోకాలి కింద సుత్తితో కొట్టి, లేపి నడిపించేవాడు. అరగంట దండగ. (మధ్యలో రోగి మాట్లాడేవాడు కూడా.) నా ఫారంలో ప్రతి గడిలోనూ 'సాధారణం' అని ముందే టిక్కు ఉంటుంది. మార్చాలంటే పది వాక్యాల్లో కారణం రాసి, విభాగాధిపతి సంతకం తీసుకోవాలి. విభాగాధిపతిని నేనే. ఆరేళ్లలో ఒక్కరూ రాలేదు. జబ్బులు తగ్గించినందుకు నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు.

నెల కిందట ఒక పొద్దున వార్డులో నడుస్తుంటే వెనక నుంచి నేల తుడిచే ఆయమ్మ కేకేసింది.

"సార్, మీ ఎడమ చెప్పు గుమ్మం దగ్గరే ఉండిపోయింది!"

చూసుకుంటే నిజమే. ఇరవై అడుగులు ఒంటి చెప్పుతో నడిచాను, కాలికి కబురే లేదు.

"నిన్న కూడా ఇంతే. కాలు ఈడుస్తున్నారు సార్. నాన్చకుండా చూపించుకోండి."

నాకే వైద్యం చెబుతోందని నవ్వేశాను. (ఫారంలో ఆయమ్మ మాటకు గడి లేదు.) మధ్యాహ్నం రెండో అంతస్తులోని నా గదికి మెట్లెక్కబోయి కూలబడ్డాను. నడుం కింద అంతా మొద్దుబారింది. నిజం చెప్పొద్దూ, చచ్చేంత భయమేసింది. వెన్నుపాము నలిగితే గంటల్లోనే ఆపరేషన్ చేయాలని, లేకపోతే కాళ్లు దక్కవని పాఠం చెప్పేది నేనే మరి.

నన్ను వార్డులో మంచం మీద పడుకోబెట్టాక జూనియర్ డాక్టరమ్మ ట్యాబు పట్టుకుని వచ్చింది. దుప్పటి ఎత్తలేదు. నా శిక్షణ అలాంటిది.

"సుత్తి తీసుకురామ్మా, కాళ్లు చూడు."

"సుత్తి స్టోర్లో ఉంది సార్. మీరే తాళం వేయించారు."

"పోనీ నీ బండి తాళంచెవితోనైనా అరికాలు గీకు. బొటనవేలు లేస్తోందా?"

గీకింది. వేలు నిటారుగా లేచింది. పెద్దవాళ్లకు అలా లేచిందంటే పైన వెన్నుపాము నలుగుతోందని అర్థం.

"అయ్యో, లేచింది సార్! కానీ ఇక్కడ సాధారణం అని ఉందే. మార్చాలంటే మీ సంతకం కావాలి."

"ఇటివ్వు, పెడతాను."

"రోగి తన ఫారం మీద తానే సంతకం పెట్టకూడదని మీ నిబంధనే కదా సార్."

నా తర్వాతి అధికారి సెలవులో ఉన్నాడు. ఆయన తర్వాతి అధికారిని నేను నియమించలేదు. ఐదు గంటలు గడిచాక ఆయమ్మ వచ్చి, "మీ కాగితాలు మీరు చూసుకోండి, మనిషిని నేను తీసుకుపోతున్నా" అని స్ట్రెచర్ తోసుకుంటూ స్కానింగ్‌కు పట్టుకుపోయింది.

"పొద్దున్నే వచ్చి ఉంటే..." అని ఆపరేషన్ చేసిన సర్జన్ మాట సగంలో మింగేశాడు.

ఇప్పుడు చక్రాల కుర్చీలో ఉన్నాను. డిశ్చార్జి కాగితంలో 'నడక: సాధారణం' అని ఉంది. మా ఆవిడ పోట్లాడితే, తప్పకుండా మారుస్తామన్నారు. ఇప్పుడు నేను రోగిని కాను కాబట్టి నా సంతకం చెల్లుతుందట. కాకపోతే విభాగాధిపతి తన గదిలో కూర్చునే పెట్టాలి.

నా గదికి మెట్లే ఉన్నాయి.