సత్ప్రవర్తనకు ఒక సంతకం

ఆ ఉదయం విద్యామంత్రిగారి ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: మంత్రిగారు, మంత్రిగారి తల్లి, లాయరైన బావమరిది, రెండు చేతుల్లో రెండు ఫోన్లున్న పియ్యే, ఒక ఫొటోగ్రాఫరు. వీళ్ళు కాక, వరండాలో ప్లాస్టిక్ కుర్చీ అంచున ఒక ఆయమ్మ. ఆవిణ్ణి ఎవరూ లెక్కలో వేసుకోలేదు కాబట్టి మనమే వేసుకుందాం.

కొద్దిరోజుల కిందట మంత్రిగారు చారిత్రాత్మక ప్రకటన ఒకటి చేశారు. "చదువు మధ్యలో ఆపేసిన ప్రతి ఒక్కరికీ యూనివర్సిటీ పిలుపునిస్తోంది. వయసుతో పనిలేదు. మొట్టమొదటి దరఖాస్తు నాదే." సభలో చప్పట్లు ఎంత గట్టిగా మోగాయంటే, పాపం, ఆయనకు ఆ ఆఖరి మాట వెనక్కి తీసుకునే సందు దొరకలేదు.

పసిపిల్లల కేంద్రంలో ముక్కులు తుడవడం, కలిసిపోయిన చెప్పులు జతచేయడం ఆయమ్మ పని. తుడిచే చేత్తోనే పలక కూడా దిద్దిస్తుంది. కానీ టీచరు అనరు, డిగ్రీ లేదు. తండ్రి మంచాన పడ్డప్పుడు రెండో ఏడాదిలో కాలేజీ మానేసింది. మంత్రిగారి ప్రకటన విన్నాక ట్రంకుపెట్టె అడుగున ఉన్న మార్కులిస్టు బయటికి తీసి ఎండలో ఆరబెట్టింది. అన్నీ దొరికాయి, రిఫరీ తప్ప. ఆ కాలేజీలో కలిసి చదివినవాళ్ళో, పాఠం చెప్పినవాళ్ళో "ఈ మనిషి మంచిది, చదవగలదు" అని రాసివ్వాలి. పాఠం చెప్పినవాళ్ళలో ఒకాయన పోయారు. ఇంకొకాయన ఉన్నారు కానీ, ఆయనకు సొంత పిల్లలే గుర్తులేరు. కలిసి చదివిన ఆడపిల్లలు పెళ్ళిళ్ళయి, ఇంటిపేర్లు మారి ఎక్కడెక్కడో చెదిరిపోయారు. మిగిలింది అదే క్లాసులో చదివిన మంత్రిగారు. గడువు ఇవాళ సాయంత్రం.

లోపల హాల్లో కూడా అదే కష్టం నడుస్తోంది.

"నాకు రిఫరీ దొరకకపోవడమేమిటయ్యా?" అన్నారు మంత్రిగారు.

"దొరికారు సార్," అన్నాడు పియ్యే. "మీతో చదివినవాళ్ళలో సగంమంది మన దగ్గరే పదవుల్లో ఉన్నారు. కింద పనిచేసేవాళ్ళు పనికిరారట. మిగతా సగం అవతలి పార్టీ. వాళ్ళు రాయడానికి సిద్ధమే. ఏం రాస్తారోనని నేనే వద్దన్నాను."

"నేను రాయనా నాన్నా?" అంది మంత్రిగారి తల్లి.

"తల్లులు పనికిరారమ్మా."

"పోనీలే. నాకూ రాయడానికి ఏమీ తోచలేదు."

పియ్యే విసుగ్గా వరండాలోకి వచ్చి, "ఏమ్మా, ఏం పని?" అన్నాడు.

"సార్, మంత్రిగారూ నేనూ ఒకే క్లాసండీ. ఒక సంతకం కోసం వచ్చాను."

పియ్యే రెండు ఫోన్లూ జేబులో పెట్టేసుకున్నాడు. అంత గౌరవం అతను మంత్రిగారికి కూడా ఇచ్చి ఎరగడు.

మరుక్షణం ఆయమ్మ సోఫాలో ఉంది. "నిన్ను మర్చిపోతానా చెల్లెమ్మా!" అన్నారు మంత్రిగారు. పేరు కూడా అడగకుండానే గుర్తుపట్టారు, అదీ ఆయన జ్ఞాపకశక్తి.

"నువ్వు బావకి రాయి, బావ నీకు రాస్తాడు," అన్నాడు బావమరిది. "ముందు బావది. ప్రొటోకాల్."

ఆయమ్మ కలం పట్టుకుని ఆలోచించింది. "సార్ క్లాసుకి రెండుసార్లు వచ్చారండీ. ఒకసారి ఓట్లడగడానికి, ఒకసారి గెలిచానని చెప్పడానికి."

"ముఖ్యమైన సందర్భాల్లో తప్పక హాజరు," అన్నాడు పియ్యే. "రాయి."

"పరీక్షరోజు హాలుకి తాళం వేయించారు."

"పరీక్షల సంస్కరణ పట్ల చిన్ననాటి నుంచే ఆసక్తి."

"నా నోట్సు తీసుకెళ్ళారు. మళ్ళీ ఇవ్వలేదు."

"పుస్తకాలంటే ప్రాణం."

మంత్రిగారి తల్లి కళ్ళొత్తుకుంది. "మావాడిలో ఇన్నున్నాయని నాకు తెలీనే తెలీదు."

సంతకం దగ్గర ఆయమ్మ చెయ్యి ఆగింది. అబద్ధమాడిన పిల్లల్ని ఆవిడ గోడవైపు తిప్పి నిలబెడుతుంది. కానీ ఆ పిల్లల చేతే టీచర్ అని పిలిపించుకోవాలని ఉంది. పెట్టేసింది. ఫొటోగ్రాఫరు ఫొటో తీశాడు. మంత్రిగారి దరఖాస్తు సైరన్ వేసుకుని యూనివర్సిటీకి వెళ్ళిపోయింది.

అప్పుడు ఆయమ్మ తన కాగితం చాపింది. మంత్రిగారు కలం మూత తీశారు. బావమరిది ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు బావా. నువ్విప్పుడు దరఖాస్తుదారుడివి. దరఖాస్తు పెట్టినవాళ్ళు ఇంకొకరికి రిఫరీగా ఉండకూడదు."

"ఎవడు పెట్టాడీ రూలు?"

"నువ్వే."

మంత్రిగారు కలానికి మూత పెట్టేశారు. "చూశావా చెల్లెమ్మా, నా రూలు నన్ను కూడా వదల్లేదు. ప్రజాస్వామ్యమంటే ఇదీ." ఫొటోగ్రాఫరు అది కూడా తీశాడు.

ఆయమ్మ మెల్లగా అడిగింది. "మరి నేనూ దరఖాస్తు పెట్టేదాన్నే కదండీ. నా సంతకం ఎలా చెల్లుతుంది?"



"ఇంకా పెట్టలేదుగా?" అన్నాడు బావమరిది.

"సార్ సంతకం పెడితేగా నేను పెట్టడం."

"అందుకే చెల్లుతుంది. నువ్వు పెట్టావో, బావది కొట్టేస్తారు. మొదటి దరఖాస్తే పోతే ఇక పథకమేముంది? నీలాంటివాళ్ళు ఎంతమంది చదువుకోవాలి, ఆలోచించు."

"నేను?"

"నీలాంటివాళ్ళు," అని ఓపిగ్గా మళ్ళీ చెప్పాడు పియ్యే.

మధ్యాహ్నం మంత్రిగారు భోజనం ముగించి, చదువు మొదలుపెట్టాలంటూ లోపలిగదిలోకి వెళ్ళిపోయారు. పియ్యే చేతుల్లోకి ఫోన్లు తిరిగి వచ్చాయి. ఆయమ్మ కదల్లేదు. కిటికీలోంచి ఎండ సోఫా మీదికి, సోఫా మీంచి గోడ మీదికి పాకింది. చివరికి లేచి వెళ్ళి ఆ గది తలుపు తట్టింది.

"అన్నయ్యా, నా సంతకం నాకు వెనక్కి ఇప్పించండి. యూనివర్సిటీ ఇంకా మూసి ఉండరు. నేను వేరే ఎవరినన్నా వెతుక్కుంటాను."

తలుపు ఓరగా తెరుచుకుంది. మంత్రిగారి తల్లి పెదాల మీద వేలు పెట్టింది.

"మెల్లగా తల్లీ. మావాడు చదువుకుంటున్నాడు, లేస్తాడు," అని తలుపు వేసేసింది.