నలభై ఏడో ప్రశ్నకు సరైన జవాబు

మే పంతొమ్మిదో తేదీ మధ్యాహ్నం రెండు గంటలకు నిపుణుల సంఘం తొలిసారి సమావేశమైంది. సభ్యులం ఒక్కొక్కరం రెండు బన్నులు, ఒక ఉడికించిన గుడ్డు, ఒక అరటిపండు తిన్నాం. తేదీ, తిండి మినిట్స్‌లో నమోదయ్యాయి. ఆ సమావేశంలో నమోదు చెయ్యదగినవి అవే.

సంఘం ఎందుకు పుట్టిందో చెప్పాలి. నగర నీటి సరఫరా శాఖలో మీటర్లు చూసి రాసుకునే ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. పరీక్ష పెడితే తొమ్మిది వేల మంది రాశారు. ప్రశ్నలు ఆధునికంగా ఉండాలని పైనుంచి ఆదేశం రావడంతో, పేపరు తయారుచేసిన పెద్దమనిషి టీవీ ముందు కూర్చున్న తన మనవరాలిని సంప్రదించి నలభై ఏడో ప్రశ్న రాశారు: ‘యానిమే (జపాను బొమ్మల) సీరియల్ వీరుడు నిప్పుజుట్టు ప్రయోగించే దెబ్బలలో అత్యంత బలమైనది ఏది? (అ) నీలాగ్ని పిడికిలి (ఆ) సుడిగాలి మోచేయి (ఇ) ఏడు సూర్యుల గర్జన.’ నీటి మీటరు చూడవలసిన మనిషికి ఈ పరిజ్ఞానం ఎంత అవసరమో మీకు చెప్పనక్కరలేదు. జవాబు కూడా అడుగుదామనుకునేసరికి మనవరాలు నిద్రపోయింది. పసిపిల్లను లేపడం ఎందుకని ఆయన పేపరు అలాగే అచ్చుకు పంపారు.

మిగతా తొంభై తొమ్మిది ప్రశ్నల్లో ఇద్దరికి సరిసమానంగా, అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. ఒకామె మా వీధి మలుపులోని జిరాక్స్ షాపులో పనిచేస్తుంది. రెండో అతను సిటీ బస్సు కండక్టరు. నలభై ఏడో ప్రశ్నకు ఇద్దరూ వేరువేరు జవాబులు పెట్టారు. ఎవరిది సరైనదైతే ఉద్యోగం వారిది. అది తేల్చడానికే ఈ సంఘం. కండక్టరుకు వయసుంది, ఇంకా పరీక్షలు రాసుకోవచ్చు. ఆమెకు సెప్టెంబరు ముప్పైతో వయోపరిమితి దాటిపోతుంది. ఆలోగా ఉత్తర్వు రాకపోతే ఈ ఉద్యోగమూ రాదు, ఇక ఏ ఉద్యోగానికీ దరఖాస్తు పెట్టే వీలుండదు. ఇది ఆమె రాసిన పదకొండో పరీక్ష.

సంఘానికి అధ్యక్షులు వంతెనల శాఖలో చీఫ్ ఇంజనీరుగా రిటైరైనవారు. దెబ్బలు దవడ మీద పడతాయి కనుక ఒక దంతవైద్యుణ్ణి వేశారు. భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను కనుక నన్ను వేశారు. మా ఆవిడ ఉండి ఉంటే, “ఎండలో పడి వెళ్లి మీరు తేల్చేదేముంది?” అనేది. ఆ ప్రశ్నకు కూడా మా దగ్గర జవాబు లేదు.

“ఇది చిన్న విషయం అనేవాళ్లు ఉంటారు,” అని అధ్యక్షులు ప్రారంభోపన్యాసం చేశారు. “పెద్ద విషయాలన్నీ మనకంటే ముందువాళ్లు చూసుకున్నారు. మనకంటూ మిగిలింది ఇదే. దీన్ని తొందరపడి పాడుచెయ్యకూడదు.”

మేము తొందరపడలేదు. మొత్తం నాలుగు వందల పన్నెండు ఎపిసోడ్లు. నిష్పాక్షికత దెబ్బతింటుందని మొదట్లో వచ్చే పాట కూడా ఒక్కసారైనా దాటవెయ్యలేదు. జులై వచ్చేసరికి అధ్యక్షులు ఆ పాట పాడుతూనే సంతకాలు పెట్టేవారు.

కొలమానం దగ్గర మొదటి చిక్కు వచ్చింది. ఎన్ని కొండలు కూలితే దెబ్బకు అంత బలమని తీర్మానించాం. నీలాగ్ని పిడికిలికి మూడు కొండలు కూలాయి. రెండు ఎపిసోడ్ల తరువాత అవే మూడు కొండల నీడలో నిప్పుజుట్టు పడుకుని కునుకు తీస్తున్నాడు. “మరమ్మతు చేసి ఉంటారు. రెండు ఎపిసోడ్లలో మూడు కొండలంటే మాటలా!” అని అధ్యక్షులు చలించిపోయి, ఆ పని చేసిన శాఖ ఏదో తెలియకపోయినా, దానికి ఒక అభినందన లేఖ రాశారు.

ఏడు సూర్యుల గర్జన పేరు అరవడానికే వీరుడికి ఒక ఎపిసోడ్ పడుతుంది. అంతసేపూ ఎదుటివాడు ఎందుకు పారిపోడన్న దానిపై ఉపసంఘం వేశాం. దంతవైద్యుడి బాధ వేరు. ప్రతి రాక్షసుడూ దుమ్ము అణగగానే లేచి నిలబడి నవ్వుతున్నాడు. “ముప్పై రెండూ ఉన్నాయండీ. వృత్తిరీత్యా చెబుతున్నాను, వీడు ఇంతవరకు ఎవర్నీ సరిగ్గా కొట్టలేదు,” అంటూ ఆయన నలభై పేజీల అసమ్మతి పత్రం సమర్పించారు.

ప్రజాభిప్రాయం కోరితే అరవై ఒక్క వేల అభ్యంతరాలు వచ్చాయి. మూడు రోజులుగా నీళ్లు రాని పేటలో జనం కుళాయి దగ్గర ఖాళీ బకెట్లతో నిలబడి మోచేయి గొప్పదా, పిడికిలి గొప్పదా అని వాదించుకున్నారు. నీళ్లు రాలేదన్న సంగతి సాయంత్రానికి గాని గుర్తు రాలేదు. దీనివల్ల నీటి శాఖకు ఎంతో ఊరట కలిగింది.

కాపీలన్నీ ఆమె షాపులోనే తీయించేవాళ్లం. ఒకరోజు నేను అసమ్మతి పత్రంతో వెళ్లేసరికి కండక్టరు ముందే ఉన్నాడు.

“అక్కా, రెండు కాపీలు. కాస్త నల్లగా రావాలి.”

“దేనికిరా?”

“నీ జవాబు తప్పని అభ్యంతరం.”

“అయితే సంతకం మర్చిపోయావు చూడు. తీసుకోరు,” అని ఆమె పెన్ను అందించింది.

అతను సంతకం చేస్తూ ఉండబట్టలేక అడిగాడు. “నిజం చెప్పు, ఆ దెబ్బకే టిక్కు ఎందుకు పెట్టావు?”

“గంట కొట్టేశార్రా. చెయ్యి ఎక్కడుంటే అక్కడ పెట్టేశాను.”

“ఛ! నేను మొత్తం రెండుసార్లు చూశానే!”

“నేనూ అలా చూస్తూ కూర్చుంటే ఈ మిషను ఎవరు చూస్తారు?” అని నావైపు తిరిగింది. “మాస్టారూ, ముప్పయ్యో తారీఖులోపు అయిపోతుందా?”

“పరిశీలనలో ఉందమ్మా,” అన్నాను.

ఆమె నవ్వి, నా కాగితాల అంచులు సరిచేసి, పిన్ను మొన నా వేలికి గుచ్చుకోకుండా లోపలికి వంచి ఇచ్చింది. ఆ నలభై పేజీల మీద జరిగిన పనికొచ్చే పని అదొక్కటే.

సెప్టెంబరు ఇరవై ఎనిమిదిన నేను సంఘంలో లేచి, ఈ రెండు రోజుల్లో తేల్చేద్దామని మనవి చేశాను. అధ్యక్షులు జాలిగా చూశారు. “మాస్టారూ, వ్యక్తుల కోసం సత్యాన్ని పరుగెత్తించలేం. పైగా అక్టోబరు రెండున కొత్త ఎపిసోడ్ వస్తోంది. మూడు దెబ్బలూ ఒకేసారి కొడతాడట!” వాయిదా తీర్మానం నా ముందుకు వచ్చింది. సంతకం పెట్టాను. దాచడమెందుకు, ఆ ఎపిసోడ్ చూడాలని నాకూ ఉంది.

అక్టోబరు నాలుగున ఆరు వందల పేజీల నివేదిక వెలువడింది. ఏకగ్రీవంగా ఆమె జవాబే సరైనదని తేలింది. నిండు సభలో అధ్యక్షులు గొంతు సవరించుకున్నారు. “ఒక్క ఎపిసోడ్ కూడా చూడకుండా సత్యాన్ని దర్శించిన ఈ ఉత్తమ అభ్యర్థి...” గుమాస్తా వచ్చి ఆయన చెవిలో తేదీ గుర్తుచేశాడు. ఆయన కలం తీసి ప్రసంగంలో ‘ఉత్తమ అభ్యర్థి’ని కొట్టేసి, ‘ఉత్తమ మాజీ అభ్యర్థి’ అని దిద్ది, చప్పట్ల మధ్య ప్రశంసాపత్రం అందించారు. కండక్టరు జవాబు తప్పు కనుక అతనికీ ఉద్యోగం లేదు. మీటర్లు ఎవరూ చూడకపోయినా తిరుగుతూనే ఉన్నాయి.

“అక్కా, దీనిమీద అభ్యంతరం పెడదాం. నేను రాస్తాను,” అన్నాడు కండక్టరు, మెట్లు దిగుతూ.

“అభ్యంతరానికీ వయోపరిమితి ఉందిరా,” అందామె.

అప్పటినుంచి నేను వీధిలోకి వస్తే చాలు, పాలవాడి దగ్గర్నుంచి పోస్టుమాస్టరు దాకా అందరూ ఆపి, “ఇంతకీ ఏ దెబ్బ గట్టిదండీ?” అని అడుగుతున్నారు. ఇంత చదివి, ఆ ముక్క చెప్పకుండా నాన్చుతున్నానని మీరూ విసుక్కుంటూ ఉంటారు. ఆమె ఏమైందని మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అడగలేదు కనుకనే చెబుతున్నాను. నిన్న నివేదిక కాపీల కోసం జనం ఆ షాపు ముందు బారులు తీరారు. ఎవరినీ విసుక్కోకుండా అందరికీ తీసి ఇచ్చింది. చివరి మనిషి వెళ్లాక మిషను ఆపి, నేలమీద పడ్డ పేజీలు ఏరి, అందులో ఏముందో చూడకుండానే దొంతిగా పెట్టి, లైటు తీసి, చప్పుడు కాకుండా తలుపు వేసింది.