అడ్డొచ్చిన మీసం

ఆ ఉదయం లెక్కల మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కొత్త యంత్రాన్ని దారికి తెచ్చుకోవాలి, భిన్నాలు మొదలుపెట్టాలి. యంత్రమంటే పెద్దదేమీ కాదు. కాలరుకి తగిలించుకునే మైకు, బల్ల మీద పిల్లలవైపు తిప్పి నిలబెట్టే పలకంత తెర. మాస్టారు మాట్లాడింది మాట్లాడినట్టు ఆ తెర మీద అక్షరాలై కనపడుతుంది. ముందు బెంచీలో చేరిన కొత్తమ్మాయి కోసం దాన్ని తెప్పించారు. ఆ పిల్లకి రెండు చెవులకీ మిషన్లున్నా క్లాసు గోలలో మాట సరిగ్గా అందదు. ఈ నెలలో పాఠాలు అందుకోగలిగితే ఇక్కడే చదువుతుంది, లేకపోతే తల్లిని వదిలి ఎక్కడో దూరాన హాస్టలున్న బడికి వెళ్ళాలి. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి మాస్టారికి ఎక్కడలేని పట్టుదల వచ్చింది.

ఇక మాస్టారి గురించి. ఆయన్ని మనిషిగా గుర్తుపట్టేవాళ్ళ కంటే మీసంగా గుర్తుపట్టేవాళ్ళే ఎక్కువ. దాని వెనక పై పెదవి ఉందో లేదో కట్టుకున్న భార్యకే రూఢిగా తెలియదు. పొద్దున్నే అద్దం ముందు నిలబడి దానికి చేయాల్సిన సేవలన్నీ చేసి, చెక్క మూలమట్టాలూ దిద్దిన కాగితాలూ సర్దుకుని ఆయన బడికి వచ్చారు. తెచ్చినవన్నీ బల్ల మీద దించి, మైకు తగిలించుకుని, భిన్నాల్లోకి దిగారు.

పాఠం సగంలో ఉండగా కొత్తమ్మాయి లేచి ఏదో చెప్పింది. సరిగ్గా అప్పుడే వెనక ఎవరో కిర్రుమని బెంచీ లాగారు. మాస్టారి చెవిన పడింది ఇంతే.

"సార్, మీసం... అడ్డం."

ఆయన సుద్దముక్క కింద పెట్టేశారు. ఇలాంటి పిల్లలు పెదవుల కదలిక చూసి కూడా మాట పట్టుకుంటారని యంత్రం తెచ్చిన టీచరమ్మ చెప్పే వెళ్ళింది. ఇన్నాళ్ళూ ముద్దు చేసి పెంచిన మీసం ఒక పిల్ల చదువుకి పరదా అయి కూర్చుందన్నమాట. ఆ సాయంత్రం కత్తెర పట్టుకుని, కళ్ళు సగం మూసుకుని, కొద్దికొద్దిగా కత్తిరించారు.

మర్నాడు అమ్మాయి దగ్గరికి వెళ్ళి, వంగి అడిగారు.

"ఇవాళ ఎలా ఉందమ్మా?"

"నిన్నటికంటే లావుగా ఉంది సార్."

మాస్టారు మీసం తడుముకున్నారు. "మరేం చెయ్యమంటావు?"

"కాస్త పక్కకి జరిపితే చాలు సార్."

ఆ తర్వాతి రోజు ఆయన మీసానికి నూనె పట్టించి, మెలేసి, రెండు కొనల్నీ చెవుల వైపు తోలుకుని వచ్చారు. నాటకంలో వేషం ఏమైనా దొరికిందా అని డ్రిల్లు మాస్టారు అడిగాడు. పిల్లలు పుస్తకాలు అడ్డం పెట్టుకుని నవ్వారు. కొత్తమ్మాయి మాత్రం నవ్వకుండా తల అడ్డంగా ఊపింది. ఇక లాభం లేదని మాస్టారు తన మీసం కథంతా పెద్ద మేడంతో చెప్పుకున్నారు. ఆవిడ అమ్మాయిని తన గదికి పిలిపించారు.

"పాఠం అందట్లేదా అమ్మా?"

"లేదు మేడం. సార్‌ది అడ్డమొస్తోంది."

"తీసేస్తే సరిపోతుందా?"

"సరిపోతుంది మేడం. క్లాసు అయిపోగానే మళ్ళీ తగిలించుకోవచ్చు."

పెద్ద మేడం మాస్టారి మీసం వంక చాలాసేపు చూశారు. అమ్మాయిని పంపేశాక, జాలిగా అన్నారు.

"ఇన్నేళ్ళలో మాకు ఒక్కసారి కూడా చెప్పలేదేం మాస్టారూ?"

"ఏం చెప్పలేదు మేడం?"

"పెట్టుడు మీసమని."

మాట గది దాటింది. స్టాఫ్‌రూముకి చేరేసరికి దానికి చిలవలు పలవలు వచ్చాయి. మీసం జిగురుతో అంటించిందన్నారు, ఇంట్లో ఇంకో రెండు ఉన్నాయన్నారు. సాయంత్రం మాస్టారు గుమ్మంలో అడుగుపెట్టగానే భార్య ఎదురొచ్చి, మీసం పట్టుకుని గట్టిగా గుంజింది.

"ఏమిటే ఇది?"

"పక్కింటావిడ అడిగిందండీ. ఏదో ఒకటి చెప్పాలి కదా."

పరువు పోయినందుకు మాస్టారికి బాధగానే ఉంది. కానీ అంతకంటే ఎక్కువగా, తన వెంట్రుకల కోసం ఒక పసిపిల్ల తల్లికి దూరం కావడమా అన్న ఆలోచన ఆయన్ని కుదురుగా ఉండనివ్వలేదు. ఆదివారం పొద్దున్నే వెళ్ళి మంగలి కుర్చీలో కూర్చుని, మొత్తం తీసెయ్యమన్నారు.

"ఇంట్లో చెప్పే వచ్చారా మాస్టారూ?" అన్నాడు మంగలి, కత్తి పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఆగి.

చెప్పలేదు. చెబితే ఎక్కడ మనసు మారుతుందోనని భయం. నున్నటి పెదవికి గాలి తగలగానే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సోమవారం మాస్టారు క్లాసులో అడుగుపెట్టేసరికి పిల్లలు లేచి నిలబడబోయి మధ్యలోనే ఆగారు. ఎవరీయన అన్నట్టు గుడ్లప్పగించి చూశారు. ఆ గదిలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాస్టారు వినడం అదే మొదటిసారి. చేతిలోవి బల్ల మీద దించి, మైకు తగిలించుకుని, త్యాగం చేసినవాడి గొంతుతో అడిగారు.

"ఇప్పుడంతా కనపడుతోందా అమ్మా?"

ఏం అడిగారో అమ్మాయి ఆయన మొహం చూసి పోల్చుకుంది. "లేదు సార్," అంది, ఓపిగ్గా. "మీ సంచి అడ్డం."

మాస్టారు బల్ల వంక చూశారు. మూలమట్టాలతో, పరీక్ష కాగితాలతో రోజురోజుకీ ఉబ్బుతూ వచ్చిన ఆయన గుడ్డసంచి తెరకి సరిగ్గా ముందు గోడలా కూర్చుని ఉంది. దాన్ని తీసి కింద పెట్టారు.

"మొన్న చెప్పింది కూడా ఇదేనా?"

ఆ మాటలు తెర మీద వరసగా వచ్చాయి. అవి చదవగానే అమ్మాయి మొహం చేటంతయింది.

"రోజూ ఇదే చెప్పాను సార్. మీ మీసం ఏమైంది?"

మాస్టారికి ముందు ఏడుపొచ్చింది, వెంటనే నవ్వొచ్చింది. ఈ పిల్లకి ఇక పాఠం అందుతుందన్న సంతోషంలో ఆ నవ్వు ఎంతకీ ఆగలేదు. అమ్మాయి ఆయన్ని కాసేపు పరిశీలనగా చూసి, చెయ్యి చాపింది.

"సార్, మీకు సరిగ్గా వినపడకపోతే ఆ మైకు నాకివ్వండి. నేను చెప్పేది మీరు చదువుకుందురుగాని."

నెల తిరిగేసరికి అమ్మాయి ఈ బడిలోనే స్థిరపడింది, పెద్ద మేడం చొరవతో మాస్టారి వైపు తిప్పిన రెండో తెర కూడా వచ్చింది, మీసం మాత్రం ఇంకా దారిలోనే ఉంది.