అడ్వాన్సు చప్పట్లు

లీకుల గుమాస్తా ఆ రోజు పొద్దున్న వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. రెండేళ్ల కొడుకును పాటీ కుర్చీ మీద కూర్చోబెట్టాలి, పని కాగానే నిక్కరు తొడగాలి, చంకనేసుకుని ఆఫీసుకు వెళ్లాలి, పెద్దమేడం వీడ్కోలు సభలో వెనక వరసలో కాసేపు కూర్చుని, ఎవరి కంటా పడకుండా ఇంటికొచ్చేయాలి.

అతను పనిచేసేది నీటి సరఫరా ఆఫీసులో. ఏ వీధిలో పైపు కారినా ముందుగా మోగేది అతని బల్ల మీది ఫోనే కనుక అందరూ లీకుల గుమాస్తా అంటారు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఖాయం చేయాలో ఇంటికి పంపాలో పెద్దమేడం ఆ సాయంత్రం కుర్చీ దిగేలోపు తేల్చాలి. ఆవిడ మనసులో ఏముందో కనిపెట్టిన మొనగాడు ఆ ఆఫీసులో లేడు. ఆవిడ వరండాలో నడిచొస్తుంటే తుమ్ము వచ్చినవాడు కూడా దాన్ని మింగేసేవాడు. అలాంటి ఆవిడ, వెళ్లేముందు అందరి ఇంట్లోవాళ్లనూ చూడాలని ఉంది, తీసుకురండి అన్నారు. ఆవిడ ముచ్చటపడినా ఉత్తర్వు వేసినట్టే ఉంటుంది.

అతని భార్య నర్సు. ఆమెకు ఆ పూట డ్యూటీ తప్పలేదు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "డైపర్ మాత్రం వేయకండి. వేశారో, నెల్లాళ్ల నా కష్టం బూడిదలో పోసిన పన్నీరే" అని చెప్పి మరీ వెళ్లింది. పెద్దమేడం తర్వాత అతను భయపడే మనిషి ఆమే.

ఆమె పద్ధతి సరైన పద్ధతి. బుడంకాయ (ఇంట్లో వాణ్ని అలాగే పిలిచేవారు) పాటీలో పని చేశాక చప్పట్లు కొట్టేది. వాడు మొహం చాటంత చేసుకుని, మళ్లీ ఎప్పుడెప్పుడా అని చూసేవాడు. సాయంత్రం వంతు మాత్రం తండ్రిది. స్నానాల గది గచ్చు మీద గొంతుక్కూర్చుని ఎంతసేపు బతిమాలినా కొడుకు ఉలకడు, పలకడు. పని ముందా మెప్పు ముందా అంటే, ఆఫీసులో అతను చూసినంతవరకు మెప్పే ముందు. అందుకని భార్యకు చెప్పకుండా, అడ్వాన్సు కింద ముందే చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు. అది మంత్రంలా పనిచేసింది. వారం తిరిగేసరికి రెండు చప్పట్లకే ధార. తన తెలివికి తనే మురిసిపోయాడు కూడా.

ఆ పొద్దున్న పాటీ కార్యక్రమం సవ్యంగానే జరిగింది. బూట్లు తొడుగుతుండగా దోమ ఒకటి చెవి దగ్గర చేరింది. అతను రెండు చేతులతో ఫట్‌మని కొట్టాడు. దోమ తప్పించుకుంది. బుడంకాయ మాత్రం కదలకుండా నిలబడి, తన కాళ్ల చుట్టూ పెరుగుతున్న మడుగును తీరిగ్గా చూసుకున్నాడు. పసివాడు కదా అని సరిపెట్టుకుని వేరే నిక్కరు తొడిగాడు.

బస్సులో ముందు సీటు ఆసామి ఫోన్‌లో పాటల పోటీ చూస్తున్నాడు. పాట అయిపోయింది, జనం చప్పట్లు కొట్టారు. గుమాస్తా ఒడి వెచ్చబడింది. అప్పుడు వెలిగింది అతనికి. చప్పట్లు ఎవరు కొట్టినా వాడికి ఒకటే. బస్సు దిగి, టికెట్ల గది వెనక్కి పోయి నిక్కరు మార్చాడు. సంచీ తడిమితే అదే ఆఖరుది. తన ప్యాంటు నల్లది కావడం ఒక్కటే ఆ రోజు అతనికి కలిసొచ్చిన సంగతి.

వీడ్కోలు సభంటే ఏముంది, మాటకు ముందు చప్పట్లు, మాటకు తర్వాత చప్పట్లు. వెనక్కి పోదామంటే ఉద్యోగం, ముందుకు పోదామంటే పరువు. కొడుకేమో తన మెడ చుట్టూ చేతులు వేసి నమ్మకంగా పడుకున్నాడు. గుమాస్తా ముందుకే నడిచాడు.

సమావేశం హాల్లో వెనక వరసలో, తలుపు పక్క కుర్చీ చూసుకున్నాడో లేదో, వెనక నుంచే పెద్దమేడం లోపలికి వచ్చారు. వచ్చి ఆగారు.

"ఏమయ్యా, వీడు నీ కొడుకా? ఇలా ఇవ్వు."

"వాడికి కొత్త, మేడం. ఏడుస్తాడేమో."

"నన్ను చూసి ఏడ్చినవాళ్లని చాలామందిని చూశాను. ఇవ్వు."

బుడంకాయ ఏడవలేదు. ఆవిడ కళ్లజోడు పట్టుకుని హాయిగా నవ్వాడు. ఆవిడ వాణ్ని ఎత్తుకుని వేదికెక్కి, ఒళ్లో కూర్చోబెట్టుకున్నారు. పెద్దమేడం ఒళ్లో పిల్లవాడు అనే దృశ్యం ఆ ఆఫీసులో ఎవరూ కలలో కూడా చూడలేదు. స్టోర్‌కీపర్ ఆనందం పట్టలేక చప్పట్లు అందుకున్నాడు.

గుమాస్తా రెండంగల్లో వెళ్లి ఆయన చేతులు రెండూ ఒడిసి పట్టుకున్నాడు. వేదిక వైపు చూడ్డానికి ధైర్యం చాలక, ఒక కన్నుతో చూశాడు. కొడుకు బుద్ధిగా కూర్చున్నాడు. మేడం మొహం ఎప్పటిలాగే ఉంది. బల్ల మీది పూలగుత్తి అడిగి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నారు. గండం గడిచిందనుకున్నాడు.

"ఏంటయ్యా ఇది?" అన్నాడు స్టోర్‌కీపర్ చేతులు విడిపించుకుంటూ.

"ఈ రోజు చప్పట్లు వద్దన్నా. మేడం మంచికే చెప్తున్నా. ఇంతకంటే ఏం అడక్కు."

స్టోర్‌కీపర్ ఇంకేం అడగలేదు. అడక్కుండానే ఆలోచించాడు. వీడ్కోలు సభలో చప్పట్లు వద్దంటున్నారంటే ఇది వీడ్కోలు సభ కాదన్నమాట. ఆ మాట క్యాషియర్ చెవిలో వేశాడు. గోరంత మాట మూడో వరస చేరేసరికి కొండంత అయింది. మేడం వెళ్లడం లేదట, ఇంకో రెండేళ్లు పొడిగించారట, ఎవరు సంతోషంగా కొడతారో చూడ్డానికే ఈ సభ పెట్టారట. ఆవిడ పీడ విరగడవుతుందని నవ్వుమొహాలతో వచ్చిన వాళ్లందరికీ ఒక్కసారిగా చెమటలు పట్టాయి. క్యాషియరయితే జేబులో దాచుకున్న ఉపన్యాసం కాగితాన్ని సన్నగా చింపడం మొదలుపెట్టాడు.

గుమాస్తాకు ఇవేమీ తెలియవు. అతని చూపంతా జనం చేతుల మీదే ఉంది. క్యాంటీన్ కుర్రాడి చేతిలోంచి ట్రే లాక్కుని, ప్రతి మనిషికీ ఒక చేతిలో టీ కప్పు, ఇంకో చేతిలో బిస్కెట్ల ప్లేటు పెట్టుకుంటూ పోయాడు. టీ అలవాటు లేదన్నవాళ్లకు కూడా, "కాసేపు పట్టుకోండి చాలు" అని అంటగట్టాడు. రెండు చేతులూ నిండిన మనిషి ఎంత మెచ్చుకున్నా చప్పుడు రాదు.

ఉపన్యాసం సూపరింటెండెంటుది. పొగడ్తలో ఆయన్ని మించినవాడు లేడు. ఎక్కడ ఆగితే చప్పట్లు పడతాయో ఆయనకు కొట్టిన పిండి. "మేడం వెళ్లిపోతుంటే ఈ ఆఫీసు కుళాయిలు కన్నీరు కారుస్తున్నాయి" అని ఆగాడు. హాల్లో కప్పు, ప్లేటు పట్టుకుని అందరూ బొమ్మల్లా ఉన్నారు. ఆయన అదే మాట ఇంకాస్త గట్టిగా అని, మళ్లీ ఆగాడు. అప్పుడే ముందు వరసలోంచి ఎవరో ఆయనకు పొడిగింపు కబురు అందించారు. ఆయన నాలుక తడబడింది. "అసలు మేడం వెళ్తారని ఎవరన్నారు? నేనైతే నమ్మలేదు" అని, వీడ్కోలు ఉపన్యాసాన్ని స్వాగతోపన్యాసంగా ముగించి, కుర్చీలో కూలబడ్డాడు.

ఆ నిశ్శబ్దంలో బుడంకాయ రెండు అరచేతులూ ఎత్తి తండ్రికి చూపించాడు. వీడే కొట్టుకునేలా ఉన్నాడే అని, గుమాస్తా దూరం నుంచే వద్దు వద్దని తల ఊపాడు. వాడు చేతులు దించాడు. కాసేపాగి మళ్లీ ఎత్తాడు. తండ్రి మళ్లీ తల అడ్డంగా ఊపాడు. వాడి కింది పెదవి మెల్లిగా వంకర తిరిగింది.

పెద్దమేడం మైకు తన దగ్గరికి తెప్పించుకుని, కూర్చునే మాట్లాడారు. నిలబడి తిట్టడమే తప్ప కూర్చుని మాట్లాడడం ఆవిడ చరిత్రలో లేదు కాబట్టి, భయం ఇంకో మెట్టు ఎక్కింది.

"నేను ఈ ఆఫీసులో ఏం మాట్లాడినా చప్పట్లు కొట్టారు. పై అంతస్తులకు నీళ్లు ఎక్కడం లేదని చెప్పినా కొట్టారు. ఈ రోజు ఒక్కరూ కొట్టలేదు. ఎవరి పని ఇది?"

చేతులు ఖాళీ లేవు కనుక అందరూ గడ్డాలతో గుమాస్తాను చూపించారు. ఆవిడ దగ్గరికి రమ్మని వేలు ఆడించారు. వేదిక మూడు మెట్లూ ఎక్కుతూ అతను తన ఉద్యోగానికి మనసులోనే దండం పెట్టేశాడు.

"చప్పట్లంటే ఎందుకంత భయం?" అన్నారు ఆవిడ, మైకు పక్కకు తిప్పి.

అబద్ధం ఏదైనా తడుతుందేమోనని చూశాడు. తట్టలేదు. "చప్పుడు వింటే వాడు పోసేస్తాడు మేడం. తప్పు వాడిది కాదు, నాదే. త్వరగా అవుతుందని ముందే కొట్టి అలవాటు చేశాను" అన్నాడు.

"ఆ స్టోర్‌కీపర్ కొట్టినప్పుడే అయిపోయిందయ్యా."

గుమాస్తా పూలగుత్తి వైపు చూశాడు. అది ఎందుకు కదలలేదో, ఆవిడ ఎందుకు లేవలేదో అర్థమైంది. "మరి మీరు చెప్పలేదు..."

"లేచి చెబితే ఇంతమందీ వీణ్ని చూసి నవ్వేవాళ్లు. నన్ను చూసి నవ్వే ధైర్యం ఎవరికీ లేదు కదా." ఆవిడ వాడి తల నిమిరారు. "నీ భయం సరే. వీడు వాడి పని వాడు చేసి, ఇందాకటి నుంచి నీ మొహమే చూస్తున్నాడు. ఒక్కసారైనా చప్పట్లు లేవు. ఏం పాపం చేశాడని?"

అప్పుడు చూశాడు తండ్రి కొడుకు మొహంలోకి. ఆ చేతులు ఎత్తింది చప్పట్లు కొట్టడానికి కాదు, కొట్టమని. ఇంతసేపూ తను అడ్డంగా ఊపిన తల గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు. ఇంక ఉద్యోగం ఏమైతే అయిందని, వేదిక మీద, అంతమంది ముందు, కొడుకు కళ్లల్లోకి చూస్తూ గట్టిగా చప్పట్లు కొట్టాడు. మేడం కూడా కొట్టారు. కొట్టి, మైకులో, "కప్పులు కింద పెట్టండి" అన్నారు.

పెట్టారు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు మోగించింది. సూపరింటెండెంటు అరచేతులు కందిపోయాయి. బుడంకాయ మొహం వెలిగిపోయింది. ఆ ఉత్సాహంలో వాడు ఇంకో విడత కూడా పూర్తి చేశాడు.

"కారేచోటు నీకు ముందే తెలుసు," అన్నారు పెద్దమేడం, ముఖకవళికలు మారకుండా. "కానీ పైపు వదిలేసి ఊళ్లోవాళ్ల చేతులు కట్టేశావు. నీ ఉద్యోగం ఖాయం, నేర్చుకుంటావు. ముందు అందర్నీ బయటికి పంపి ఒక తువ్వాలు తెచ్చిపెట్టు."

ఆ చప్పట్లు ఎవరికోసమో ఆ హాల్లో తెలిసింది ముగ్గురికే. అందులో ఒకరు తువ్వాలు కోసం పరిగెత్తారు, ఒకరికి మాటలు రావు, మూడోవారు లేచి నిలబడే స్థితిలో లేరు.