కొంగలపట్టి కొంగలకు ప్రభుత్వ అనుమతి

కొంగలపట్టి చెరువులో గూళ్ళు కట్టుకునే ఎర్రకాళ్ళ కొంగలకు ఇకపై ప్రభుత్వ అనుమతి ఉంటుందని మంత్రివర్యులు విరుదునగర్ సభలో ప్రకటించగానే అందరం లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. పాపం, ఆ పక్షులు అంతవరకు ఏ అనుమతీ లేకుండానే పిల్లల్ని పెంచుకుంటున్నాయి.

చెరువును పక్షుల శరణాలయం చేశారు. వాలంటీర్లు కావాలన్నారు. నాది అరుప్పుకోట్టై. మగ్గం మోటారు కాలిపోయి ఖాళీగా ఉన్నాను కనుక నాలో పక్షిప్రేమ పొంగింది. పచ్చ టోపీ ఇచ్చారు, ఈల ఇచ్చారు. సందర్శకులు ఎవరైనా గట్టిగా మాట్లాడితే ఆ ఈల ఇంకా గట్టిగా ఊది నిశ్శబ్దం నెలకొల్పాలి.

సందర్శకుల నిర్వహణ ప్రణాళిక రాసినవారు రేంజర్ హరిహరన్ గారు. అరవై పేజీలు. రోజుకు నలభై మందే, అదీ టోకెన్ తీసుకునే రావాలి. ముదురు రంగు బట్టలు కూడదు. ప్రారంభోత్సవానికి మంత్రివర్యుల వెంట ముప్పై ఎనిమిది కార్లు వస్తున్నాయని తెలిసినా ఆయన చలించలేదు. ఒక్కో కారును ఒక్కో సందర్శకుడిగా లెక్కగట్టి చట్టాన్ని నిలబెట్టారు. పార్టీ జెండాలను ఎవరూ తొడుక్కోరు కనుక అవి బట్టల కిందికి రావని తేల్చారు. ఇలాంటి అధికారి దొరకడం జిల్లా అదృష్టం.

చిక్కల్లా టపాకాయల దగ్గర వచ్చింది. సాత్తూరు చుట్టుపక్కల ఊళ్ళలాగే కొంగలపట్టిలోనూ ఇంటికొకరు ఫైరాఫీసుకు పోతారు. టపాకాయలు చేసే చోటిని మా వైపు అలాగే అంటారు. దేశమంతటికీ మోత కట్టి పంపే ఆ ఊళ్ళో దీపావళికి ఒక్క టపాకాయ పేలదు. కొంగలు బెదురుతాయని పెద్దలు పెట్టిన కట్టుబాటు. దానికి కాపలా అళగమ్మాళ్ అవ్వ. గూట్లోంచి జారిపడిన పిల్లను ఎత్తుకుపోయి, చేపపిల్లలు మేపి, మళ్ళీ గూటికి చేర్పించడం ఆమె పని. ప్రణాళికలో ఆమె పేరు లేదు.

"పిల్లకాయలకు ఇంకా రెక్కలు రాలా సామీ," అంది అవ్వ రేంజర్‌తో. "ఇంగా పదైదు దినాలు కావాల. ఒక్క పట్టాసు పేలినా తల్లులు లేసిపోతాయి. మళ్ళా రావు. పిల్లకాయలు ఆకలికి చస్తాయి."

పార్టీ కార్యదర్శి పొన్నయ్య గారికి ఈ మాట నచ్చలేదు. ఆయనకు సొంత ఫైరాఫీసు ఉంది, తాత కాలం నాటిది.

"సరం పేల్చకుండా మంత్రిని పిలిచేది ఎట్లత్తా? పెండ్లికొడుకును పెరటి వాకిట్లో నుండి పిలిచినట్టు ఉంటాది."

హరిహరన్ గారు అరగంటలో దారి కనిపెట్టారు. పొన్నయ్య గారి సరుకుతోనే పదివేల టపాకాయల దండ కడతారు, సరం అంటే అదే. మంత్రివర్యులు అగరొత్తిని దాని దగ్గరిదాకా తెస్తారు, అంటించరు. వాలంటీర్లు మెత్తగా చప్పట్లు కొడతారు. ఈ పద్ధతికి 'సైలెంట్ సరం ప్రోటోకాల్' అని పేరు పెట్టి ప్రణాళికకు అరవై ఒకటో పేజీ చేర్చారు. అవ్వ కూడా ఒప్పుకుంది.

ఈ సంగతి మంత్రివర్యులకు చెప్పే పని ఒకరిది అని ఇంకొకరు అనుకున్నారు.

ఆయన వచ్చారు. అగరొత్తి సరం దగ్గర పెట్టారు. వత్తి అంటుకుందో లేదో చూడకుండానే గబగబా నాలుగడుగులు వెనక్కి వేసి, రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకున్నారు. మేం మెత్తగా చప్పట్లు కొట్టాం. నిమిషం గడిచింది. మంత్రివర్యులు ఒక కన్ను తెరిచారు.

"ఏమయ్యా పొన్నయ్యా, సరుకు నెమ్మెక్కిందా?"

అందరూ నవ్వారు. సాత్తూరులో ఇంకో ఫైరాఫీసు నడిపే ఇసక్కిముత్తు అందరికంటే కాస్త ఎక్కువసేపు నవ్వాడు. పొన్నయ్య గారు జేబులోంచి అగ్గిపెట్టె తీశారు.

అవ్వ ఆయన చెయ్యి పట్టుకుంది. "అవునని చెప్పరా. నెమ్మెక్కిందని చెప్పు. నీకేం పోతాది?"

"ఏమైనా చెప్తానత్తా. అది మాత్రం చెప్పలేను."

నిజమే. పార్టీ కోసం ఆయన ఎన్ని అబద్ధాలు చెప్పారో మాకు తెలుసు. తాగునీరు వస్తుందన్నారు, బస్సు వస్తుందన్నారు. ఈ ఒక్కటీ నోటికి రాలేదు. చెయ్యి విడిపించుకుని వెళ్ళి వత్తి అంటించారు.

పదివేలూ పేలాయి. ఒక్కటీ తుస్సుమనలేదు. నియమం ప్రకారం నేను ఈల ఊదాను, నాకే వినబడలేదు. దాచుకోవడం దేనికి, ఆ క్షణంలో నాకు కూడా గర్వంగానే అనిపించింది. మా జిల్లా సరుకు అది.

చెట్ల మీది కొంగలన్నీ ఒక్కసారిగా లేచాయి.

"మనల్ని చూసి ఎంత సంతోషమో," అన్నారు మంత్రివర్యులు. పత్రికలు కూడా అలాగే రాశాయి.

రెండు రోజులైనా తల్లులు తిరిగి రాలేదు. అవ్వ ఊళ్ళో ఆడవాళ్ళను కూడగట్టి, నిచ్చెనలు వేయించి, బతికున్న పందొమ్మిది పిల్లల్ని దించి గంపల్లో తన ఇంటికి చేర్చుకుంది. రాత్రీ పగలూ చేపలు మేపింది.

మూడో రోజు హరిహరన్ గారు లెక్క తీశారు. శరణాలయంలో పక్షులు సున్నా. అళగమ్మాళ్ ఇంట్లో పందొమ్మిది. పక్షులు ఎక్కడుంటే శరణాలయం అక్కడే ఉండాలి గదా. మధ్యాహ్నానికి అవ్వ ఇంటికి బోర్డు కట్టారు. అవ్వను బయటికి పంపి, నన్ను గుమ్మంలో నిలబెట్టారు.

అవ్వ గిన్నెనిండా చేపపిల్లలతో వచ్చింది.

"తప్పుకో నాయనా. అరుస్తాండాయి."

"టోకెన్ ఉందా అవ్వా?" అన్నాను. నాకు సిగ్గేసింది. అయినా అడిగాను.

"అడవి పక్షులకు మేత వేయడం నేరమమ్మా," అన్నారు హరిహరన్ గారు ఎంతో మర్యాదగా. "చూడాలంటే చూడొచ్చు. వచ్చే శుక్రవారం ఖాళీ ఉంది, రాసుకోమంటారా?"

అవ్వ తన ఇంటి అరుగు మీదే గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. లోపలి అరుపులు ఆ రోజంతా వినబడ్డాయి. మర్నాడు కొంచెం తగ్గాయి.

గురువారం నాడు తనిఖీ బృందం వచ్చింది. గుమ్మం దగ్గర చాలాసేపు చెవులు రిక్కించి, రాష్ట్రంలో ఇంత నిశ్శబ్దం పాటించే శరణాలయం మరొకటి చూడలేదని రాసి, మాకు మొదటి బహుమతి ప్రకటించింది.