ఎండిపోవలసిన వరుస

ఆ పొద్దున అతను పెట్టుకున్న పనులు పెద్దవేమీ కావు. చొక్కా ఇస్త్రీ చేసుకోవాలి, టైర్ల కంపెనీ లెక్కల విభాగానికి వేళకు చేరాలి, ఈ రెండిటి మధ్యా వీలైనన్నిసార్లు భార్యను చూసుకోవాలి. పెళ్లయి నాలుగు నెలలైనా ఆమె చెంప మీద మట్టి మరక కనబడితే చాలు, అతనికి చేతిలో ఇస్త్రీ పెట్టె ఉన్న సంగతి గుర్తుండేది కాదు. ఆ రోజూ కాలర్ కొంచెం మాడింది.

ఆమె బాల్కనీలో కుండీలు సర్దుతోంది. యూనివర్సిటీలో వృక్షశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. అక్కడి గాజు గది పైకప్పు గాలివానకు పగిలిపోతే, బాగుచేసేదాకా మొక్కలు ఇంట్లో పెట్టుకోమన్నాడు గైడు ప్రొఫెసర్. అలా రెండు వరుసల టమాటా మొక్కలు బట్టలారేసే తీగ కిందికి కాపురానికొచ్చాయి.

"ఏవండీ, అత్తయ్యా, మామయ్యగారూ, ఒక్కసారి అందరూ వినండి," అంది ఆమె. "ఎడమ వరుసకి రోజూ నేనే నీళ్లు పోస్తాను. కుడి వరుసకి చుక్క కూడా పడకూడదు. నీళ్లు లేకుండా ఈ రకం ఎంతవరకు తట్టుకుంటుందో చూడాలి. విత్తనాల కంపెనీ మేనేజరమ్మ స్వయంగా వచ్చి చూస్తానంది. నచ్చితే ఉద్యోగం ఇస్తుంది."

"మొక్కల్ని ఎండబెడితే ఉద్యోగం ఇస్తారా?" అంది అతని తల్లి. "ఇన్నాళ్లూ పెంచితే ఇస్తారనుకున్నాను."

ఆ చదువు మీద ఇంటిల్లిపాదికీ బెంగే. ఏ చుట్టం వచ్చినా "మొక్కల చదువు చదివితే ఏమవుతారు, తోటమాలా?" అని అడిగేవాళ్లు. ఆమె ఓపిగ్గా చెప్పేది: విత్తన కంపెనీలు, అటవీ శాఖ, మందుల తయారీ, ఓడల్లో వచ్చే మొక్కలకు తెగుళ్లున్నాయేమో చూసే కొలువులు. వాళ్లు అంతా విని, తల ఊపి, గుమ్మం దాటుతూ "మా గులాబీ పూయడం లేదమ్మా, ఓసారి వచ్చి చూసిపో" అనేవాళ్లు. ఆ కొలువులన్నిటికీ ఆమె దరఖాస్తులు పెట్టింది. ఎక్కడా పిలుపు రాలేదు. ఇక మిగిలింది ఈ కంపెనీ ఒక్కటే. ఇది కూడా పోతే పరిశోధన మానేసి పక్కవీధి ట్యూషన్ సెంటర్‌లో చేరిపోతానని ఒకరోజు కంచం ముందు కూర్చుని, ముద్ద ఎత్తకుండా చెప్పింది. అప్పటినుంచీ ఆ కుండీల పక్కగా నడవాలన్నా అతనికి భయమే.

మూడో రోజు పొద్దున ఆమె స్నానానికి వెళ్లినప్పుడు అతను బాల్కనీలోకి తొంగిచూశాడు. కుడి వరుస మెడలు వాల్చేసింది. ఆకులు పిండి ఆరేసిన గుడ్డల్లా వేలాడుతున్నాయి. ఆమె ఉద్యోగం వీటి మీదే ఉంది కదా, ఇవి చచ్చిపోతే ఎలాగని అతను చేతిలో ఉన్న మంచినీళ్ల గ్లాసు వైపు చూశాడు. ఒక్క గ్లాసుతో శాస్త్రమేమీ కొట్టుకుపోదులే అని సర్దిచెప్పుకుని, తాగబోతున్న నీళ్లు వాటికి తలా ఇంత పోశాడు.

మర్నాటికి కుడి వరుస నిటారుగా లేచి నిలబడింది. అతనికి ఎంత ముచ్చటేసిందంటే, ఇంకో గ్లాసు పోశాడు.

వారం తిరిగేసరికి కుడి వరుస గుబురెక్కింది. ఎడమ వరుస మాత్రం పొట్టిగా, ఆకులు ముడుచుకుని, జ్వరం నుంచి లేచినదానిలా ఉంది.

"రోజూ తాగేవాటికే ఒంటబట్టడం లేదేమిటమ్మా?" అన్నాడు అతని తండ్రి. ఆమె నవ్వి, నీళ్ల డబ్బా తీసుకుని ఎడమ వరుస వైపు వెళ్లింది.

ఆ సాయంత్రం ఆమె గైడుతో ఫోన్‌లో మాట్లాడుతుంటే అతను విన్నాడు. "నేననుకున్నదానికంటే బాగా తట్టుకున్నాయి సార్. పూత కూడా వచ్చేసింది. మేడమ్‌ని ఇక తీసుకురావచ్చు."

ఫోన్ పెట్టేసి అతని చెయ్యి పట్టుకుంది. "ఈసారి వచ్చేలా ఉందండీ." ఆమె అంత తేలిగ్గా నవ్వి చాలా రోజులైంది.

చెబితే ఆ నవ్వు పోతుంది. చెప్పకపోతే, తాగి బలిసిన మొక్కల్ని చూపించి ఆమె ఉద్యోగం తెచ్చుకుంటుంది. రేపు రైతులు ఆ విత్తనం చల్లి, పొలాలు ఎండబెట్టుకుని, నేరుగా ఈ గుమ్మంలోకే వస్తారు. ఆఫీసులో అతను టైర్ల పద్దులో టమాటాలని రాశాడు. పై అధికారి పిలిచి ఏమైందంటే, "మొక్కలు బాగున్నాయి సార్" అని కళ్లు తుడుచుకున్నాడు.

మర్నాటినుంచి చుక్క పోయలేదు. మొక్కలు వాడలేదు. ఇంకో రోజు ఆగాడు. కొత్త చిగుళ్లు వేశాయి. నిజంగానే ఇది మహా మొండి రకమేమో, ఆమె జాతకం తిరిగినట్టేనేమో అని పొంగిపోయి, తెల్లవారగానే చూద్దామని వెళ్లాడు. బాల్కనీలో కూరగాయలు కడిగిన గిన్నెతో తల్లి, మగ్గుతో తండ్రి ఎదురుపడి ఒకరినొకరు మింగేలా చూసుకుంటున్నారు.

"ఏం చేస్తున్నావమ్మా?"

"గిన్నె ఆరబెడుతున్నాన్రా."

"కుండీలోనా?"

"అవి నన్నే చూస్తున్నాయిరా. దాహంతో నోళ్లు తెరుచుకున్నవాటి ఎదురుగా కూర్చుని నాకు కాఫీ ఎలా దిగుతుంది?"

తండ్రి మగ్గును వీపు వెనక్కి జరిపాడు. "నేను ఒక్క మగ్గే. ఒక్క మగ్గు కూడా ఒక లెక్కేనా?"

"నేనూ ఒక్క గ్లాసే అనుకున్నాను నాన్నా," అని అతను గడప మీద కూలబడ్డాడు.

మేనేజరమ్మ వచ్చేది ఎల్లుండే. అప్పటికి ఎలాగైనా వాటిని వాడగొట్టాలని ముగ్గురూ తీర్మానించారు. కోడలు యూనివర్సిటీకి బయల్దేరగానే తండ్రి టేబుల్ ఫ్యాన్ తెచ్చి కుడి వరుసకు ఎదురుగా పెట్టాడు. మొక్కలు హాయిగా తలలూపాయి. కాపలా కూర్చున్న తండ్రికి జలుబు చేసింది.

"ఇస్త్రీ పెట్టె దగ్గరగా పెడితే?" అంది తల్లి.

"వద్దమ్మా. ఇంకా నాశనం చెయ్యడానికి మన దగ్గర ఏమీ మిగల్లేదు."

చెప్పిన రోజున గైడుతో పాటు మేనేజరమ్మ వచ్చింది. సన్నటి మనిషి, మాట పొదుపు. కుర్చీ వేసినా కూర్చోకుండా నేరుగా బాల్కనీలోకి వెళ్లి, కుడి వరుస కుండీలో వేలు గుచ్చింది. వేలికి తడి మట్టి అంటుకొచ్చింది.

అతను ముందుకొచ్చాడు. భార్య ముఖంలోకి చూసే ధైర్యం లేక మొక్కలతోనే చెప్పాడు. "తప్పు నాదండీ. ఆమె వద్దన్నా నేనే దొంగతనంగా నీళ్లు పోశాను. ఆమెకేమీ తెలియదు. నన్నేమైనా అనండి, ఆమె చదువుని మాత్రం ఏమీ అనకండి."

"వాడొక్కడే కాదు, నేనూ పోశాను," అంది తల్లి.

తండ్రి తుమ్మాడు. "నేనూను."

మేనేజరమ్మ అతని భార్య వైపు తిరిగింది. అతను కళ్లు మూసుకున్నాడు.

"తెలుసండీ," అంది ఆమె. "మొదటి గ్లాసు పడిన మర్నాడే తెలిసింది. వాలిపోయిన మొక్క రాత్రికి రాత్రి లేచి నిలబడదు కదా. పైగా మట్టిలో తేమ రోజూ కొలుస్తాను."

"మరి అడగలేదేం?" అన్నాడు అతను కళ్లు తెరవకుండానే.

"అడిగితే మానేస్తారా? నాకు కనబడకుండా పోస్తారు. అందుకని ఆ రోజే నా లెక్కలో వరుసలు తిరగేశాను, సార్‌కీ చెప్పాను. తాగే వరుస కుడిది, దాని సంగతి మీ ముగ్గురూ చూసుకుంటున్నారు. ఎడమ వరుసకి అప్పటినుంచీ చుక్క పడలేదు. నేను రోజూ ఖాళీ డబ్బా పట్టుకుని వెళ్తున్నాను. ఆ సంగతి చెబితే మీరు దానిక్కూడా పోస్తారు."

మేనేజరమ్మ ఎడమ కుండీలో వేలు పెట్టింది. మట్టి పొడిపొడిగా రాలింది. ముడుచుకున్న ఆకుల మధ్య పసుపు పూలు విచ్చి ఉన్నాయి. మేనేజరమ్మ చాలాసేపు వంగి చూసి, నడుము ఎత్తింది.

"మా ప్రయోగ పొలాల్లోనూ ఇదే గొడవ. ఎండబెట్టిన మడికి దారినపోయేవాళ్లంతా జాలిపడి నీళ్లు పెట్టేస్తారు. మొక్కల గురించి తెలిసినవాళ్లు ఇంటర్వ్యూలకి చాలామందే వస్తారు. మనుషుల్ని కూడా లెక్కలో వేసుకున్నవాళ్లని ఇప్పుడే చూస్తున్నా. ఒకటో తారీఖున చేరమ్మా."

"చూశారా," అంది తల్లి అందరినీ ఉద్దేశించి, "మేం పోయకపోతే వచ్చేదా ఈ ఉద్యోగం?"

అతనికి మాత్రం ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఇన్నాళ్లూ తాను పడిన నరకమంతా, ఒలకబోసుకున్న ప్రేమంతా, ఆమె పరిశోధనలో నీటిపారుదల కింద జమైపోయింది.

ఉద్యోగంలో చేరిన మొదటి వారమే ఆమె ప్రయోగ పొలం గేటుకు ఒక బోర్డు పెట్టించింది: సిబ్బంది కుటుంబ సభ్యులకు ప్రవేశం లేదు.