మూడు పంటలు, ఒక్క బోరు, క్వాంటం శాస్త్రం

కరెంటు కోతల్ని తిట్టేవాళ్ళను చూస్తే నాకు జాలి. విజ్ఞానశాస్త్రానికి ఈ కోతలు చేస్తున్న మేలు వాళ్ళకేం తెలుసు!

నిజామాబాద్‌లో మా పక్కింటి దేవిదాస్ గారు ఫిజిక్స్ లెక్చరర్. పీహెచ్‌డీ కోసం క్వాంటం పరిశోధన చేస్తున్నారు. నాకర్థమైనంతలో సంగతి ఇదీ: తలా ఒక స్థితిలో ఉన్న అణువుల్ని ఒకే లేజర్ దెబ్బతో, దేన్ని ఎక్కడికి చేర్చాలో అక్కడికి చేర్చాలి. లేజర్ బలం కాస్త తగ్గినా, పెరిగినా గురి తప్పకూడదు.

ఆ లెక్క తేలాలంటే ఆయన పెంటియం కంప్యూటర్ ఆరు గంటలు ఆగకుండా నడవాలట. ఆరు గంటలే! మూడేళ్ళుగా నాలుగో గంటలో కరెంటు పోతూనే ఉంది. దానివల్ల ఆయనకు ఎంత ఓర్పు వచ్చిందో చూడండి.

కోతలతో నెగ్గుకొచ్చే మనిషిని చూపిద్దామని ఆయన్ని స్కూటర్ మీద మాక్లూర్ దగ్గర రైతు రేణుకమ్మ చేనుకు తీసుకెళ్ళాను. ఒక్క బోరు కింద పసుపు, చెరుకు, వరి. ఆ ఇంటి ఏడాది తిండి వాటి మీదే. కరెంటు ఎప్పుడొస్తుందో, ఎంతసేపుంటుందో ఎవరికీ తెలియదు. అందుకని ఆమె, కరెంటు రాగానే దానంతటదే లేచేలా మోటారుకు ఆటో స్టార్టర్ పెట్టించి, కాలువకు మూడు గండ్లు కొట్టింది. చెరుకుకు పెద్దది, పసుపుకు చిన్నది, మిగిలిందంతా వరికి. కరెంటు గంటే ఉన్నా, నాలుగు గంటలున్నా ఏ పంట వాటా దానిదే. నిలకడైన కరెంటుంటే ఈ తెలివి పుట్టేదా?

దేవిదాస్ గారు గట్టు మీద కూర్చుండిపోయారు. తన థీసిసంతా ఆ గండ్లలోనే ఉందన్నారు. లేజర్ పది శాతం అటూ ఇటూ అయినా తన లెక్క తట్టుకుంటుందని ఆమెకు వివరించారు.

అంతా విని రేణుకమ్మ అడిగింది. "కరెంటు అసల్కే రాకపోతె మీ లెక్క ఏమంటది సారూ?"

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. అలా జరగదని థీసిస్ మొదటి పేజీలోనే అనుకున్నారట.

ఊళ్ళో ఐకమత్యం గురించి కూడా చెప్పాలి. అందరివీ ఆటో స్టార్టర్లే! ఆ మర్నాడు కరెంటు రాగానే నలభై మోటార్లు ఒక్కసారే లేచాయి. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. దరఖాస్తు పెట్టి ఇరవై రోజులైంది. కరెంటాఫీసులో రోజూ రేపొస్తుందనే చెబుతున్నారు.

నిన్న మళ్ళీ వెళ్ళాం. వానలు ముఖం చాటేశాయి. పసుపు ఆకు చుట్టుకుపోయింది, చెరుకు ఎండింది, వరి మడి నెర్రెలు విచ్చింది. రేణుకమ్మ ఆ గండ్ల దగ్గరే కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి కూడా లేవలేదు.

కరెంటు పోయేలోగా తేలినంతలో, దేవిదాస్ గారి పద్ధతిలో ఎంత తంటాలు పడ్డా ఇంకా కాస్త పొరపాటు మిగులుతోందట. మన కరెంటాఫీసును చూసి నేర్చుకోవాలి. మూడు పంటల్నీ ఒకే స్థితికి చేర్చింది, ఒక్క మొక్క కూడా తప్పిపోకుండా!